నోరు లేనివాళ్ల మాట కూడా వినండి: ప్రజావాణి అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్లకు, అదనపు కలెక్టర్లకు, ఆర్‌డీవోలకు, తహసీల్దార్లకు, సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో బల్లల వెనక కూర్చునే ప్రతి ఉద్యోగికీ నమస్కారం.

తెలంగాణలోని ఒక జిల్లా కలెక్టరేట్ గేటు ఎదుట, వేపచెట్టు కింద, పంతొమ్మిదేళ్లుగా నేను అర్జీలు రాస్తున్నాను. ఒక మడత కుర్చీ, పరీక్ష అట్ట, కార్బన్ పేపర్లు, ఇంకు ప్యాడు, ఇవే నా ఆఫీసు. అర్జీకి యాభై రూపాయలు తీసుకుంటాను. లేనివాళ్లను అడగను. సోమవారం తొలి బస్సు దిగి ఏడింటికే జనం వస్తారు. మీరు లోపల కూర్చునే వేళకి నేను రాసిన కాగితాలు ముప్పై దాకా మీ బల్ల మీదికి చేరతాయి. నా ముఖం మీకు తెలియకపోవచ్చు గానీ నా దస్తూరీ మీకు బాగా తెలుసు.

ప్రజావాణిలో మా మాట సరిగా వినడం లేదన్న ఇదే సంగతి పోయిన ఏడాది రెండుసార్లు రాసి, అందరిలాగే లైన్లో నిలబడి, టోకెన్ తీసుకుని మా జిల్లాలో ఇచ్చాను. మొదటిదానికి "సంబంధిత శాఖకు పంపడమైనది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏ శాఖో అందులో లేదు. రెండోదానికి "పరిష్కరించబడినది" అని వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు, నేను అడిగినవాటిలో ఒక్కటీ జరగలేదు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. మీ ముందు నిలబడ్డ మనిషి మిమ్మల్ని ఒప్పించగలిగితేనే పని కదులుతోంది. ఒప్పించడం ఒక విద్య. ప్రజావాణికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ విద్య రానివాళ్లే. భారమంతా వాళ్ల నెత్తిన పెట్టి, వినడమనే మీ పనిని మీరు వదిలేశారు. నోరున్నవాడిదే రాజ్యం అని మన పెద్దలు బాధతో అన్న మాట మీ హాల్లో రూలు అయిపోయింది.

ఒక సోమవారం జరిగింది చెబుతాను. ముప్పై ఐదేళ్ల ఆమె. భర్త చనిపోయి రెండేళ్లు. ఆయన పేరున ఎకరా ఇరవై రెండు గుంటలు. విరాసత్ కోసం, అంటే ఆ భూమిని వారసుల పేరున మార్చడం కోసం పెట్టుకున్న దరఖాస్తును కారణం రాయకుండా తిప్పికొట్టారు. బియ్యం సంచిలోంచి పాలిథిన్ కవరు, అందులోంచి మడతలు చిరిగిపోతున్న మరణ ధృవీకరణ పత్రం, పాత పాస్‌బుక్, ఇంటివాళ్ల అఫిడవిట్ తీసి నా ముందు పెట్టింది. చెయ్యి వణుకుతోంది. మొదటి వాక్యంలోనే ఆమెకి ఏం కావాలో రాశాను. రెండో పేజీకి తిరస్కరించిన కాగితం జత చేశాను. "లోపలికెళ్లి ఈ మూడు ముక్కలే చెప్పమ్మా: భర్త చనిపోయారు, వారసులం మేమే, ఎందుకు తిప్పికొట్టారో చెప్పండి" అని రెండుసార్లు అనిపించాను. భయంగా ఉంది రమ్మంటే ఆమె వెంట హాల్లోకి వెళ్లాను.

"ఏంది సమస్య?" అన్నారు అధికారి. "సార్, మా ఆయన పోయిన కాన్నుంచి మా బావ బోరు కాడికి రానిస్తలేడు..." అని మొదలుపెట్టింది. బోరు, బావ, పొయిన ఎండాకాలం జరిగిన పంచాయితీ, పిల్లగాడి జ్వరం, అన్నీ వచ్చాయి. విరాసత్ మాట మాత్రం రాలేదు. పక్కనున్న ఉద్యోగి "భూమి పంచాయితీనా, ఇంటి పంచాయితీనా, ఒకటి చెప్పు" అన్నాడు. ఆమె ఏడ్చింది. కాగితం మీద మూలకి ఒక మాట రాసి పక్కన పెట్టారు. గోడ గడియారంలో చూశాను, నిమిషం కూడా కాలేదు. రెండో పేజీ తిప్పలేదు. ఆమె వెనక ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి వచ్చారు. ఆయనకి కుర్చీ జరిపారు. ఆయనదీ భూమి సంగతే. తేదీలతో, సర్వే నంబర్లతో చక్కగా చెప్పారు, చాలాసేపు విన్నారు. ఆయన అడిగింది అన్యాయమని నేను అనడం లేదు. ఆయనకి దొరికిన చెవి ఆమెకెందుకు దొరకలేదన్నదే నా ప్రశ్న.

బయటికి వచ్చాక ఆమె నాతో అన్నది: "సారు ముందట నిలవడంగనే టెన్షన్‌ల అన్నీ మర్చిపోయిన అక్కా." అది ఆమె తప్పు అన్నట్టు తల దించుకుంది.

డిగ్రీలో నేను తత్వశాస్త్రం చదివాను. అరిస్టాటిల్ గురించి అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆయన అన్నది చెట్టు కింద కూర్చున్నాక అర్థమైంది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో ఆయన మాటనేర్పు మీద రాసిన గ్రంథంలో మనిషి మనిషిని ఒప్పించే దారులు మూడు చెప్పాడు. ఒకటి, చెప్పేవాడి మీద కలిగే నమ్మకం, ఎథోస్. రెండు, వినేవాడి మనసులో లేపే భావం, పేథోస్. మూడు, చెప్పిన మాటలోని హేతువు, లోగోస్. నా దగ్గరికి వచ్చే ప్రతి అర్జీలో ఈ మూడూ ఉంటాయి. అవి మీ హాల్లోకి వచ్చేసరికి ఏమవుతున్నాయో చెప్పడానికే ఆయన పేరు ఎత్తాను.

నమ్మకం సంగతి ముందు. చెప్పేవాడి మీద నమ్మకం అతని మాటలోంచే పుట్టాలి, అతని గురించి ముందే ఉన్న అభిప్రాయంలోంచి కాదు అని అరిస్టాటిల్ స్పష్టంగా రాశాడు. వివేకం, మంచి నడవడి, వినేవాళ్ల మేలు కోరే మనసు, ఈ మూడూ మాటలో కనిపిస్తే మనిషిని నమ్ముతారన్నాడు. మీ హాల్లో నమ్మకం చొక్కాలోంచి, చెప్పుల్లోంచి, వెంట వచ్చిన మనిషి హోదాలోంచి పుడుతోంది. ఆమె నోరు తెరవకముందే ఆమె మీద నమ్మకం సగం పోయింది. పెద్దమనిషి నోరు తెరవకముందే ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2020లో తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల, అంటే వీఆర్‌వో వ్యవస్థను రద్దు చేశారు. అందులో లంచాలు ఉండేవి, నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఊళ్లో ఎవరి గెట్టు ఎక్కడిదో, ఎవరు ఎవరి కొడుకో నోటితో చెప్పగల మనిషి ఒకడు ఉండేవాడు. ఆ తర్వాత భూమి రికార్డులకి ధరణి అనే కంప్యూటర్ పోర్టల్, 2025 నుంచి దాని స్థానంలో భూభారతి. కంప్యూటర్‌కి మనిషి తెలియదు, కాగితమే తెలుసు. కాబట్టి ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి కూడా మీ ముందు ముక్కూమొహం తెలియని మనిషిగానే నిలబడుతోంది. ఇలాంటప్పుడు మాట వినడం పెరగాలి, తగ్గకూడదు.

ఇక కన్నీళ్ల సంగతి. దీంట్లో నా తప్పు ఒప్పుకుంటాను. చాలా ఏళ్లు నేను అర్జీల చివర "తమరు దయచూపని యెడల మాకు ఆత్మహత్యే శరణ్యం" అని రాశాను. వచ్చినవాళ్లు చెప్పకపోయినా రాశాను. ఎందుకంటే అలా రాసిన కాగితం కదిలేది, సర్వే నంబరు, తేదీ, రూలు మాత్రమే ఉన్న కాగితం కదిలేది కాదు. ఒకరోజు ఒక రైతు దాన్ని చదివించుకుని, "నేనేమో చస్తానని అన్లే గదమ్మా, ఎందుకు రాసినవు?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఆ వాక్యం రాయడం మానేశాను.

తీర్పు చెప్పేవాడిని కోపానికో జాలికో గురిచేయడమంటే, ఏ బద్దతో కొలవాలో ఆ బద్దనే వంచడమని అరిస్టాటిల్ అన్నాడు. మా చేతుల్తో మేమే బద్ద వంచాం, నిజమే. కానీ నిటారు బద్దతో మీరు కొలవనప్పుడే కదా వంచాల్సి వచ్చింది? పురుగుల మందు డబ్బాతో, పెట్రోలు సీసాతో ప్రజావాణికి వచ్చినవాళ్ల వార్తలు మీరూ చదివారు. ఇప్పుడు గేటు దగ్గర పోలీసులు ముసలమ్మల సంచులు కూడా వెతుకుతున్నారు. నాలుగుసార్లు కాగితం ఇచ్చి, నాలుగుసార్లూ ఎవరూ చదవకపోతే, ఐదోసారి సీసా తీసుకొస్తే తప్ప చదవరని ఆ మనిషికి నేర్పింది ఎవరు? సీసా పట్టుకున్న రోజున కలెక్టర్ గారు స్వయంగా బయటికి వచ్చి మాట్లాడతారు. లైన్లో నిలబడిన మిగతావాళ్లందరూ అది చూస్తారు.

మూడోది హేతువు. అరిస్టాటిల్ ఇంకో విభజన చేశాడు. చట్టాలు, సాక్షులు, ఒప్పంద పత్రాలు, ప్రమాణాలు, ఇవి మాటగాడు తన నేర్పుతో తయారు చేసేవి కావు, ముందే ఉన్నవి, వాటిని వాడుకోవడమే పని అన్నాడు. మా పహాణీ (సాగు రికార్డు) నకలు, పాత పాస్‌బుక్, తెల్లకాగితం మీద వేలిముద్రలతో ఉన్న భూమి కొనుగోలు రాత సాదాబైనామా, ఇవన్నీ ఆ జాతివే. వీటికి వక్తృత్వం అక్కర్లేదు. తిప్పి చూసే చెయ్యి ఉంటే చాలు. మాట రాని మనిషికి ఉన్న బలమంతా ఆ కవరులోనే ఉంది, ఆ కవరునే మీరు విప్పడం లేదు.

ఈ విద్య పుట్టుక కూడా భూమి తగాదాల్లోంచే అని పాతకాలం నుంచీ చెబుతారు. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో సిసిలీ ద్వీపంలో సిరక్యూస్ అనే ఊళ్లో నిరంకుశులు కూలిపోయాక, వాళ్లు లాక్కున్న భూముల కోసం జనం కోర్టులకెక్కారట. ఎలా మాట్లాడాలో తెలియని ఆ జనానికి నేర్పడానికే కోరాక్స్, టిసియాస్ అనేవాళ్లు మొదటి పాఠాలు తయారుచేశారంటారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు మా చెట్టే కళ్లముందు కనబడింది.

ఏథెన్స్‌లో నా పనే చేసిన మనిషి ఒకరున్నారు. పేరు లైసియస్. వాళ్ల నాన్న సిరక్యూస్ నుంచి వలస వచ్చినవాడు, కాబట్టి అతనికి పౌరహక్కు లేదు. వేరేవాళ్లు కోర్టులో చెప్పుకోవడానికి ప్రసంగాలు రాసిచ్చి బతికాడు. వాటిలో ఒకటి పింఛను అర్జీ. ఒక వికలాంగుడికి ఏథెన్స్ నగరం రోజుకి ఒక ఓబల్ నాణెం ఇచ్చేది, అంటే కూలీ మనిషి రోజు సంపాదనలో సుమారు ఆరో వంతు. ఇతను గట్టిగానే ఉన్నాడు, గుర్రం ఎక్కుతున్నాడు, పింఛను ఆపండి అని ఒకడు ఐదువందల మంది సభలో ఫిర్యాదు చేశాడు. లైసియస్ ఆ మనిషి నోట పెట్టిన జవాబు చూడండి. నాకు డబ్బుంటే మెత్తటి జీను వేసిన కంచరగాడిద ఎక్కేవాణ్ని, అది కొనలేక దూరం పోవాల్సి వచ్చినప్పుడు అడిగి తెచ్చుకున్న గుర్రం ఎక్కుతున్నాను. అందరూ ఒక కర్రతో నడుస్తుంటే నేను రెండు కర్రలతో నడుస్తున్నాను, అది కూడా నా బలానికి గుర్తు అంటారా? నేను అంత గట్టివాణ్నైతే చీటీలు వేసి తీసే తొమ్మిదిమంది ఆర్కన్ల (నగర అధికారుల) పదవికి నన్నెందుకు రానివ్వరు?

నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. మా దగ్గర ఒకాయన వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపుకి మూడుచక్రాల బండి మీద వెళ్లాడు, బండి నడుపుతున్నావు కదా అని అడిగారట. రెండువేల నాలుగువందల ఏళ్ల కిందటి గుర్రమే అది. తేడా ఒక్కటే. ఏథెన్స్ వికలాంగుడికి ఆ జవాబు చెప్పుకునే చోటు దొరికింది. మా మనిషికి దొరకలేదు. నెలకి 4,016 రూపాయల పింఛను దరఖాస్తు మీద "అనర్హులు" అన్న ఒక్క మాట వచ్చింది.

ఏథెన్స్ గొప్పదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. అక్కడ ఆడవాళ్లకి, బానిసలకి సభలో మాటే లేదు. కానీ వాళ్ల కోర్టు పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. నీళ్ల గడియారం పెట్టేవాళ్లు. మట్టికుండ అడుగున చిల్లు, నీళ్లు కారిపోయేదాకా మాట్లాడొచ్చు. తవ్వకాల్లో దొరికిన ఒక కుండ ఖాళీ కావడానికి సుమారు ఆరు నిమిషాలు పడుతుంది. ఇద్దరు వాదులకీ నీళ్లు సమానం. మనుషుల మధ్య సొంత తగాదాల్లో చట్టమో సాక్ష్యమో పత్రమో చదివేటప్పుడు మాత్రం చిల్లు మూసి నీళ్లు ఆపేవాళ్లు. అంటే కాగితం చదవడానికి పట్టే సమయాన్ని పేదవాడి లెక్కలోంచి కోసేవాళ్లు కాదు. విరాసత్ కోసం వచ్చిన ఆమెకి నిమిషం కూడా రాలేదు, కాగితం అసలే చదవలేదు.

మన దగ్గర కూడా ఈ ఆలోచన లేక కాదు. పనిమీద వచ్చినవాళ్లను రాజు గుమ్మం దగ్గర నిలబెట్టకూడదని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. రాతకి ఉండాల్సిన గుణాలూ అదే చెప్పింది: అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం. రాజు పంపే శాసనాల కోసం చెప్పినవి అవి, అర్జీల కోసం కాదు. అంటే స్పష్టంగా రాయాల్సిన బాధ్యత మొదట పైనున్నవాడిది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఆరోది, తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల పనులు తనకు ఎప్పుడైనా తెలపవచ్చునని చెబుతుంది. మేము మిమ్మల్ని భోజనం మానమని అడగడం లేదు. సోమవారం ఆ కాస్త సమయంలో రెండో పేజీ తిప్పమంటున్నాం.

ఇలా వినకపోవడం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో నేను చూసినంత వరకు చెబుతాను.

1. పాస్‌బుక్ రాకపోతే రైతు భరోసా రాదు. ఎకరాకి పంటకి 6,000 రూపాయలు. పైన చెప్పినామె ఎకరా ఇరవై రెండు గుంటలకి లెక్క వేసుకుంటే పంటకి తొమ్మిది వేలు దాటుతుంది. ఆ డబ్బుతో విత్తనం, మందు వచ్చేవి. అది లేక ఆమె వడ్డీకి తెచ్చింది. పాస్‌బుక్ లేదని బ్యాంకు పంట రుణమూ ఇవ్వలేదు.

2. రైతు బీమా 5 లక్షలు. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారులకే. విరాసత్ ఆగిన ఇంట్లో దున్నేది కొడుకు, పట్టా చనిపోయిన తండ్రి పేరున. రేపు ఆ కొడుక్కి ఏదైనా జరిగితే ఆ ఇంటికి పైసా రాదు. ఇది కాగితం ఆలస్యం కాదు, ఒక కుటుంబం రోడ్డున పడటం.

3. కూలీ పోతుంది. మండలం నుంచి జిల్లా కేంద్రానికి రానూపోనూ ఛార్జీలు, జిరాక్సులు, టిఫిను, ఆ రోజు కూలీ. ఆరేడు సోమవారాలు తిరిగినవాళ్లు చాలామంది నా పుస్తకంలో ఉన్నారు. ఒకాయన పదకొండోసారి వచ్చాడు. పదకొండు టోకెన్లనూ రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

4. దళారులు పెరుగుతారు. మాట రానివాళ్లు మాట అమ్మేవాళ్లను వెతుక్కుంటారు. నేను యాభై తీసుకుంటాను. గేటు అవతల "సారు నాకు తెలుసు" అనేవాళ్లు వేలల్లో అడుగుతారు. వాళ్లు అమ్మేది న్యాయం కాదు, ముఖపరిచయం. మీరు హోదాని చూసి వింటున్నంతకాలం వాళ్ల బేరం సాగుతుంది.

5. జనానికి అబద్ధం అలవాటవుతుంది. నిజం నిజంగా చెబితే పని కాదు, పెంచి చెప్పాలి అని తండ్రి కొడుక్కి నేర్పుతున్నాడు. మొన్న ఒక ఇంటర్ పిల్లవాడు వాళ్ల నాయనమ్మ పింఛను అర్జీ రాయించడానికి వచ్చి, "ఆంటీ, కొంచెం ఏడుపొచ్చేటట్టు రాయండి" అన్నాడు. అన్నిటికంటే ఎక్కువ నన్ను బాధపెట్టింది ఆ పిల్లవాడి మాటే.

ఇవి దయతో తీరేవి కావు, పద్ధతి మారితే తీరేవి. నా డిమాండ్లు ఇవి.

1. ప్రతి తిరస్కరణకీ కారణం రాయండి, తెలుగులో రాయండి. ఇది మీరు చూపే కనికరం కాదు. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(డి), తన నిర్ణయాలకి కారణాలను ఆ నిర్ణయం తగిలిన మనుషులకు ప్రభుత్వ కార్యాలయం తెలపాలంటుంది. తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966 నుంచీ ఉంది. మన పాతకాలపు తర్కమైన న్యాయదర్శనంలో వాదమంటే ప్రతిజ్ఞ (తాను నిలబెట్టదలచిన మాట) చెప్పి ఊరుకోవడం కాదు, హేతువు చెప్పాలి, ఉదాహరణ చూపాలి. తన పక్షం ఏమిటో చెప్పకుండా ఎదుటివాడిదాన్ని కొట్టేయడాన్ని వితండ అన్నారు. "అనర్హులు", "తిరస్కరించబడినది" అని ఒక్క మాట రాసి వదిలేయడం అదే. మా దగ్గర హేతువు అడిగేవాళ్లు మీ హేతువు చెప్పండి. ఏ పత్రం తక్కువైంది, ఏ రూలు అడ్డొచ్చింది, ఎవరి దగ్గర అప్పీలు చేయాలి, ఈ మూడు ముక్కలు చాలు.

2. నోటితో చెప్పింది రాసుకునే మనిషిని ప్రతి ప్రజావాణిలో పెట్టండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) ప్రకారం, రాయలేని మనిషి నోటితో అడిగితే దాన్ని రాతలో పెట్టడానికి అధికారి సాయం చేయాలి. సమాచారం అడగడానికి ఉన్న ఆ సాయం బతుకుదెరువు అడగడానికి ఎందుకు ఉండకూడదు? రాసుకున్నాక అది ఆ మనిషికి వినిపించాలి. "నేను చెప్పింది ఇదే" అన్నాకే వేలిముద్ర తీసుకోవాలి. ఇది జరిగితే నాలాంటివాళ్ల పని పోతుంది. పోనివ్వండి. నేను ఇంకేదైనా చేసుకు బతుకుతాను.

3. పత్రాలు విప్పి చూసిన తర్వాతే ఎవరికి పంపాలో రాయండి. జత చేసిన కాగితాలు ఎన్ని, ఏమేమిటి అన్నది రసీదులో ఉండాలి. ఇప్పటి రసీదులో టోకెన్ నంబరు, శాఖ పేరు తప్ప ఏమీ లేదు. తర్వాత "మీరు ఆ కాగితమే ఇవ్వలేదు" అంటే మా వాళ్ల దగ్గర చూపడానికి ఏదీ ఉండదు.

4. అర్జీదారుడితో మాట్లాడకుండా "పరిష్కరించబడినది" అని మూసేయకండి. ఫోన్ నంబరు మీ దగ్గర ఉంది. పని అయిందా అని అడగండి. కాలేదంటే అది పరిష్కారం కాదు. ఎన్ని అర్జీలు మూశారన్నది మీ మీటింగుల్లో లెక్క. ఎన్ని పనులు అయ్యాయన్నది మా ఇళ్లల్లో లెక్క. రెండూ ఒకటి కావాలి.

5. కుర్చీ అందరికీ వేయండి, లేదా ఎవరికీ వేయకండి. వయసు, గర్భం, వైకల్యం ఉంటే ముందు వాళ్లకి వేయండి. ఇది చిన్న సంగతి అనిపించొచ్చు. కూర్చుని చెప్పే మనిషి గొంతు నిలకడగా వస్తుంది. చేతులు కట్టుకుని నిలబడి చెప్పే మనిషి గొంతు వణుకుతుంది. ఆ వణుకునే మీరు అబద్ధం అనుకుంటున్నారు.

6. సీసాతో వచ్చినవాళ్లకి ఒక దారి, కాగితంతో వచ్చినవాళ్లకి ఒక దారి ఉండకూడదు. ఒకే సంగతి మీద మూడోసారి వచ్చిన అర్జీని కలెక్టర్ గారే స్వయంగా చూసేలా నియమం పెట్టండి. మూడోసారికే చెవి దొరుకుతుందని తెలిస్తే సీసా ఎవరూ తేరు.

ఇంతమందిని వినడం సాధ్యమా అని మీరు అడగొచ్చు. మీ మీద పని ఎక్కువే, సిబ్బంది తక్కువే, నేను రోజూ చూస్తున్నాను. మధ్యాహ్నం మూడైనా అన్నం తినని ఉద్యోగులను చూశాను. వాళ్లలో ఒకరిద్దరు లేచి వచ్చి ముసలివాళ్ల పక్కన కూర్చుని వినడమూ చూశాను. వాళ్లకి చేతులెత్తి దండం పెడతాను. కానీ చదవకుండా పంపిన కాగితం మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. పదకొండుసార్లు వచ్చిన ఆయన్ని మొదటిసారే ఐదు నిమిషాలు వింటే పది టోకెన్లు మిగిలేవి.

నేర్పు లేని రాతని కూడా వినొచ్చని ఈ దేశంలో పెద్దలే చూపించారు. తీహార్ జైల్లో మరణశిక్ష పడిన ఒక ఖైదీ, తోటి ఖైదీని వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. లాయరు లేడు, పిటిషన్ ఫారం లేదు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది, 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. అదే సునీల్ బాత్రా కేసు. రాసినవాడు ఎవరని చూస్తే నమ్మాల్సిన పని లేదు, అతను శిక్ష పడిన ఖైదీ. రాసినదేమిటో చూశారు.

విరాసత్ కోసం వచ్చిన ఆమె మళ్లీ వచ్చే సోమవారం వస్తానంది. ఈసారి బోరు సంగతి ఎత్తనని, మూడు ముక్కలే చెబుతానని ఇంట్లో పిల్లల ముందు నిలబడి అభ్యాసం చేస్తోందట. చెప్పలేకపోతే దయచేసి కవరు విప్పండి. అందులో అన్నీ ఉన్నాయి.

ఈ లేఖ ప్రతిని కూడా అదే రోజు లైన్లో నిలబడి మీ కౌంటర్‌లో ఇస్తాను. ఏ డిమాండ్ ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో, ఎందుకు ఒప్పుకోరో నెల రోజుల్లో తెలుగులో రాసి పంపండి. చెట్టు కింద అందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
కలెక్టరేట్ గేటు ఎదుట అర్జీలు రాసే మహిళ